పుల్లటి పండు – ఎర్రటి రక్తం

బెర్రీ అనే మాట మనం ఇంగ్లీషు వాచకంలో చదువుకున్నదే. పొదల మీద గుత్తులుగా కాసే చిన్న గుండ్రటి పండును బెర్రీ అంటారు. ఈమధ్య ఈ బెర్రీలకు చాలా ప్రచారం వచ్చింది. విశాఖపట్నంలోని పెద్ద దుకాణాలలో బ్లూబెర్రీలను, క్రాన్‌బెర్రీలను ఎండబెట్టి చిన్న పొట్లాలుగా అమ్ముతున్నారు. లింగన్‌బెర్రీ అనే మరొక పండును పొడి చేసి, మాత్రలు కట్టి ఇంటర్‌నెట్‌లో అమ్ముతున్నారు. గుండెకు మంచిదనీ, ఒళ్ళు తగ్గుతుందనీ, మూత్రవ్యాధులు రావనీ పొట్లాల మీద రాస్తున్నారు. ఆ పొట్లం ధర చూస్తే అది మన హాస్టలు పిల్లల చేతికి వచ్చే వస్తువు కాదని తెలిసిపోతుంది. కాని అందులో నిజమెంత? మన చోడవరం చుట్టుపక్కల పొలం గట్ల మీద కాసే పుల్లటి పండ్లు మన ఒంటికి ఏం చేస్తాయి? ఈ రెండూ మనం తెలుసుకోవలసినవే.

లింగన్‌బెర్రీ ఎక్కడిది?

ఇది స్వీడన్, ఫిన్లాండ్, నార్వే వంటి చలిదేశాల అడవులలో మోకాలి ఎత్తు కూడా పెరగని పొదకు కాస్తుంది. ఎర్రగా, మన ఉలవగింజ కంటె కొంచెం పెద్దగా ఉంటుంది. పులుపుతో పాటు కొంచెం చేదు, వగరు కూడా ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో అక్కడివారు పిల్లాపాపలతో అడవికి పోయి బుట్టల నిండా కోసుకొస్తారు. దానిని మనం పచ్చడి నంజుకున్నట్టు మాంసం కూరతో నంజుకుంటారు. ఈ పండులో ఒక చిత్రం ఉంది. దానిలో బెంజోయిక్ ఆమ్లం సహజంగానే ఉంటుంది. మన సాస్ సీసాలలో నిలవ ఉండడానికి కలిపే మందు ఈ జాతిదే. అందువల్ల ఆ పండ్లను ఉప్పు, నూనె, పంచదార ఏదీ లేకుండా ఉత్త నీళ్ళలో వేసి ఉంచినా నెలల తరబడి పాడు కావు.

మరి ఆరోగ్యం సంగతి. ఫిన్లాండులో 150 మంది స్త్రీల మీద చేసిన ఒక పరీక్ష 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. క్రాన్‌బెర్రీ, లింగన్‌బెర్రీ కలిపిన రసం ఆరునెలలు తాగినవారిలో 16 శాతం మందికి మూత్రనాళ వ్యాధి తిరగబెట్టింది. ఏమీ తాగనివారిలో 36 శాతం మందికి తిరగబెట్టింది. ఇది చిన్న తేడా కాదు. అయితే అది వ్యాధి మళ్ళీ రాకుండా తగ్గించింది గాని వచ్చిన వ్యాధిని నయం చేయలేదు. ఈ తేడాను అమ్మేవారు చెప్పరు. ఒళ్ళు తగ్గుతుందన్న మాటకు ఆధారంగా చూపే పరీక్ష 2014లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అది ఎలుకల మీద జరిగిన పరీక్ష. ఎలుకకు పనిచేసింది మనిషికీ పనిచేస్తుందని చెప్పాలంటే మనిషి మీదే చూడాలి.

ఇక్కడ ఆడపిల్లలకు ఒక మాట. మూత్రనాళ వ్యాధికి హాస్టళ్ళలో, బడులలో ఒక పెద్ద కారణం నీళ్ళు తాగకపోవడం. మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళతో గడిపే చెల్లెళ్ళు ఉన్నారు. దానికి మందు ఏ దేశపు పండూ కాదు. తలుపు గడియ పడే మరుగుదొడ్డి, అందులో నీళ్ళు, కడుపునిండా మంచినీళ్ళు. మంట, జ్వరం ఉంటే సిగ్గుపడకుండా వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి.

మన గట్ల మీది బెర్రీలు

లింగన్‌బెర్రీ మన నేలలో బతకదు. కాని రుచిలో, రంగులో, వాడకంలో దానికి దగ్గరగా వచ్చేది మన వాక్కాయ. ముళ్ళ పొద, చేనికి కంచెగా పెంచుతారు. కాయ తుంచితే తెల్లటి పాలు కారి వేళ్ళకు అంటుకుంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు తెలుపు మీద గులాబీ చార, పండితే ముదురు ఎరుపు, మరీ పండితే నలుపు. దాని చుట్టం కలివి, అదింకా చిన్న కాయ. తొలకరి తరువాత నుంచి శ్రావణం దాకా సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. గింజ తీసి కందిపప్పులో వేస్తే చింతపండు అవసరం లేదు. పచ్చడి, పులిహోర కూడా చేస్తారు. కిళ్ళీలలోను, బేకరీ కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీలలోను చాలా మట్టుకు చెర్రీలు కావు, పంచదార పాకంలో ఉడికించి రంగు వేసిన వాక్కాయలే. పల్లెలో పిల్లలు ఊరికే తెంపుకు తినే కాయను పట్నంలో చెర్రీ అని డబ్బులిచ్చి తింటున్నారన్నమాట.

ఇక రేగు. భోగినాడు చిన్నపిల్లల తల మీద పోసే పండు. రోట్లో తొక్కి ఉప్పు, కారం, బెల్లం కలిపి ఎండబెట్టిన రేగు వడలు తినని పిల్లలు మన హాస్టలులో ఉండరు. నేరేడు వానాకాలపు మొదటి రోజుల పండు, నాలుక ఊదారంగు చేస్తుంది. ఆ ఊదా రంగునిచ్చే పదార్థం బ్లూబెర్రీకి నీలం ఇచ్చే జాతిదే, ఆంథోసయానిన్ అంటారు. ఉసిరి కార్తీకంలో వస్తుంది. మాడుగుల మీదుగా పాడేరు వెళ్ళే దారిలో కొండ ఉసిరి సంతలకు దిగుతుంది. జామ బెర్రీలా కనబడదు గాని వృక్షశాస్త్రం ప్రకారం అదే నిజమైన బెర్రీ. స్ట్రాబెర్రీ బెర్రీ కాదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే గుర్తుంచుకోండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పట్టికలు కొత్తగా ప్రకటించింది. వాటి ప్రకారం వంద గ్రాముల ఉసిరికాయలో విటమిన్ సి సుమారు 250 మిల్లీగ్రాములు, జామపండులో 200 పైచిలుకు, నారింజలో 40 పైచిలుకు. పాత పుస్తకాలలో ఉసిరికి 600 అని కనబడుతుంది, దానినే ఇంకా చాలామంది రాస్తున్నారు. కొత్త లెక్క తీసుకున్నా ఉసిరి నారింజకు ఆరింతలు. మరి అంత పేరున్న లింగన్‌బెర్రీలో? పది మిల్లీగ్రాముల దరిదాపు. దాని గొప్పతనం వేరే పదార్థాలలో ఉంది, విటమిన్ సి లో కాదు. మనకు ముందుగా కావలసింది మాత్రం విటమిన్ సి. ఎందుకంటే మన జబ్బు వేరు.

మన జబ్బు రక్తహీనత

2019–21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి అరవైమందికి రక్తహీనత ఉంది. అంటే ఒక బెంచీ మీద అయిదుగురు అమ్మాయిలు కూర్చుంటే అందులో ముగ్గురు. మగపిల్లలలో తక్కువ, కాని లేకపోలేదు. 12 ఏళ్ళు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. మగపిల్లవాడికి 14 ఏళ్ళ దాకా 12, ఆ తరువాత 13 ఉండాలి.

ఇది నొప్పి పెట్టే జబ్బు కాదు. అదే దీనితో వచ్చిన ప్రమాదం. మేడ మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. స్టడీ అవర్‌లో పుస్తకం ముందు కూర్చున్న పది నిమిషాలకే కునుకు. చదివినది నిలవదు. ట్యూటర్ గారు బద్ధకం అనుకుంటారు, పిల్లవాడు కూడా తనకు తెలివి తక్కువనుకుంటాడు. కొందరు పిల్లలకు బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంది. దానిని దొంగతిండి అని కొట్టేవారున్నారు. అది చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందని చెప్పే గుర్తు. బలపాలు తినే పిల్లను కొట్టవద్దు, రక్తపరీక్షకు పంపాలి.

హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి. 13–15 ఏళ్ళ ఆడపిల్ల తిండిలో రోజుకు 30 మిల్లీగ్రాములు, అదే వయసు మగపిల్లవాడి తిండిలో 22 మిల్లీగ్రాములు ఇనుము ఉండాలని 2020లో భారత వైద్య పరిశోధనా మండలి చెప్పింది. మనం తినే తోటకూర, కందిపప్పు, చోళ్ళు, వేరుశెనగ, బెల్లం అన్నింటిలో ఇనుము ఉంది. ఉన్నా రక్తహీనత ఎందుకు వస్తోంది? ఇక్కడే అసలు పాఠం ఉంది.

తిన్న ఇనుమంతా రక్తంలోకి పోదు

మాంసం, చేప, కాలేయంలోని ఇనుము పేగులలో సులువుగా ఇంకుతుంది. ఆకుకూర, పప్పు, ధాన్యాలలోని ఇనుము అలా కాదు. ధాన్యాలలో ఫైటేట్ అనే పదార్థం, టీలో టానిన్ అనే పదార్థం ఆ ఇనుమును పట్టుకుని వదలవు. నూరుపాళ్ళ ఇనుము తింటే పది పాళ్ళు కూడా ఇంకకపోవచ్చు. మిగిలినది మలంతో పోతుంది.

రసాయనశాస్త్రంలో ఫెర్రస్, ఫెర్రిక్ అని చదివే ఉంటారు. తుప్పులో ఉన్నది ఫెర్రిక్ ఇనుము. పంటల ద్వారా మనకు వచ్చే ఇనుము ఎక్కువగా ఈ ఫెర్రిక్ రూపంలోనే ఉంటుంది. మన పేగు గోడ తీసుకోగలిగేది ఫెర్రస్ రూపం. ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చే పని విటమిన్ సి చేస్తుంది. అంతేకాక ఇనుమును పట్టుకుని కరిగిన స్థితిలో ఉంచుతుంది, ఫైటేట్ చేతికి చిక్కనివ్వదు. వాక్కాయ, చింతకాయ వంటి పుల్లటి కాయలలోని ఆమ్లాలు కూడా కొంతవరకు ఈ పనికి తోడ్పడతాయి.

ఇది పుస్తకాల మాట మాత్రమే కాదు. పైన చెప్పిన హైదరాబాదు సంస్థవారే మన వయసు పిల్లలకు అన్నంతో కూడిన భోజనం పెట్టి, దానితో వంద గ్రాముల జామపండు ఇచ్చి చూశారు. జామపండు లేని భోజనం కంటె ఉన్న భోజనంలో ఇనుము రెట్టింపుకు పైగా ఇంకింది. ఆ ఫలితం 2013లో అచ్చయింది. భోజనం అదే, పప్పు అదే, ఖర్చు ఒక్క జామపండు. అమెరికా నుంచి వచ్చిన పొట్లం కాదు, మన పెరటి జామ.

ఇక్కడ ఒక తెలుగువాడిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది పేగులలో ఇంకకుండా చేసి మనిషిని రక్తహీనుణ్ణి చేసే జబ్బు అది. ఆయనకూ వచ్చింది, బతికి బయటపడ్డారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలంరంగు ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను జేబులో వేసుకుని గోడవతల పారేసే తమ్ముళ్ళు ఇది చదువుతారనుకుంటాను.

హాస్టలులో ఎలా తినాలి

పండు ఎప్పుడు తిన్నా మంచిదే, కాని ఇనుము కోసమైతే భోజనంతోనే తినాలి. నాలుగు గంటలకు తిన్న జామకాయ మధ్యాహ్నం తిన్న తోటకూరకు పెద్దగా సాయం చేయదు. కంచంలో అన్నం ఉండగానే ఒక ముక్క ఉసిరి, ఒక చెక్క జామ, ఏదీ దొరకని రోజున ఒక నిమ్మబద్ద. నిమ్మరసం పప్పు దించిన తరువాత పిండాలి, పొయ్యి మీద ఉండగా కాదు. విటమిన్ సి వేడికి, ఎండకు నశిస్తుంది. అందువల్ల వాక్కాయ పప్పులో విటమిన్ సి కొంత పోతుంది, ఆమ్లాలు మాత్రం ఉంటాయి. ఎండబెట్టిన రేగు వడలో పచ్చి రేగుపండులో ఉన్నంత ఉండదు. ఊరగాయలో ఉప్పు, నూనె ఎక్కువ కాబట్టి దానిని పండుతో సమానం చేయకూడదు.

టీ సంగతి మన హాస్టలులో ఎవరికీ నచ్చదు, అయినా రాస్తున్నాను. భోజనం చేసిన వెంటనే టీ తాగితే పండు చేసిన మేలును అది చెరుపుతుంది. గంట, గంటన్నర ఆగితే చాలు.

వంటమనిషికి, కమాటి గారికి ఒక మనవి. పులుసుకూర, వాక్కాయ పప్పు ఇనప మూకుడులో వండితే పులుపు వల్ల మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. కూర కాస్త నల్లబడుతుంది, పిల్లలు ముఖం చిట్లిస్తారు. నల్లబడినా తినవచ్చు. వండిన తరువాత మాత్రం అందులోనే ఉంచకుండా వేరే గిన్నెలోకి తీయాలి. మన ముసలమ్మలు తాగే చోడి అంబలి రాత్రి పులియబెట్టినదైతే ఫైటేట్ తగ్గుతుంది. ఆ అంబలిని పాతకాలపు పేదతిండి అని చిన్నచూపు చూడవలసిన పని లేదు.

పండు ఒక్కటే చాలదు. కొక్కెం పురుగులు కడుపులో ఉంటే ఎంత ఇనుము ఇచ్చినా అవి రక్తం పీల్చేస్తాయి. అవి తడిమట్టిలో నుంచి అరికాలి చర్మం గుండా లోపలికి పోతాయి. చెప్పులు లేకుండా ఆరుబయటకు పోవద్దనేది అందుకే. ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చిన రోజు తప్పించుకోవద్దు. హిమోగ్లోబిన్ 8 కంటె తక్కువ ఉంటే అది పండ్లతో, ఆకుకూరలతో సరిదిద్దే స్థితి కాదు, డాక్టరు గారి పని. అలాగే నేరేడు గింజల పొడితో చక్కెర జబ్బు పోతుందని విని ఇంటి దగ్గర పెద్దవాళ్ళు మాత్రలు మానేస్తుంటే మీరు అడ్డుపడాలి. నేరేడు మంచి పండు, మాత్రకు బదులు కాదు.

తెలియని కాయ నోట పెట్టవద్దు

వాక్కాయ, గన్నేరు ఒకే కుటుంబపు మొక్కలు. రెండిటికీ పాలు కారతాయి. వాక్కాయ తినవచ్చు, పచ్చగన్నేరు కాయలోని గింజ ప్రాణం తీస్తుంది. అడవి ఆముదం, అంటే నేపాళం గింజలు వేరుశెనగ పప్పులా కమ్మగా ఉంటాయి. వాటిని తిని బడిపిల్లలు గుంపులుగా వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైన వార్తలు పత్రికలలో వస్తూనే ఉంటాయి. గురివింద గింజ నమిలితే అంతకంటె ప్రమాదం. పేరు తెలిసిన, పెద్దవాళ్ళు తినగా చూసిన పండే తినాలి. వంగతోటలు, చెరకు చేల గట్ల మీద కాయలు కోసినప్పుడు పక్క చేనికి మందు కొట్టారేమో కనుక్కోవాలి. కనుక్కున్నా కడుక్కునే తినాలి.

గట్టు ఎవరిది?

స్వీడన్, ఫిన్లాండు దేశాలలో ఒక నియమం ఉంది. అడవి ఎవరిదైనా సరే, అందులో తనంతట తాను కాసిన పండును ఎవరైనా కోసుకోవచ్చు. ఆస్తి ఉన్నవాడి పిల్లలకూ, లేనివాడి పిల్లలకూ లింగన్‌బెర్రీ ఒకటే. మన హాస్టలులో చదివే చాలామంది పిల్లల ఇళ్ళకు సొంత గట్టు లేదు. రేగుపండ్ల కోసం పోతే గట్టు గలవారు కేకలేసి తరిమిన అనుభవం కొత్తదేమీ కాదు. మన దేశంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం కొండల మీది గిరిజనులకు చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. కింద మైదానంలో గెడ్డ వార, బంజరు మీద పెరిగిన పొదకు అలాంటి రక్షణ లేదు. చోడవరం 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది, పటం మారింది గాని మన గట్లు మారలేదని అనడానికి వీలు లేదు. లేఅవుట్ వేసినచోట పొక్లెయిన్ మొట్టమొదట లాగేసేది ఈ ముళ్ళ పొదలనే. ఆ తరువాత ఆ ఊరి పిల్లలకు వాక్కాయ సంతలో కొనుక్కునే సరుకు అవుతుంది.

కాబట్టి హాస్టలు ప్రహరీ లోపల నాలుగు మొక్కలు ఉండడం మేలు. జామ, ఉసిరి నర్సరీలో అంటుమొక్కలు తెచ్చి నాటుకోవచ్చు, జామ రెండు మూడేళ్ళకే కాస్తుంది. వాక్కాయకు ఆ ఖర్చు కూడా లేదు. బాగా పండి నల్లబడిన కాయలు తిన్నప్పుడు గింజలు దాచి, కడిగి, నీడన ఆరబెట్టి కొద్దిరోజులలోనే పాల పాకెట్ల సంచులలో మట్టి పోసి నాటాలి. గింజ పాతబడితే మొలవదు. ఏడాది పెంచి, మరుసటి వానాకాలంలో గోడ వెంట మీటరుకు ఒక మొక్క చొప్పున పెడితే మూడో ఏడుకో, నాలుగో ఏడుకో కాపు మొదలవుతుంది. నీళ్ళు మొదటి రెండు వేసవులలో పోస్తే చాలు. ముళ్ళు ఉంటాయి కనుక మేకలు ముట్టవు, రాత్రిపూట గోడ దూకేవారు కూడా కొంచెం ఆలోచిస్తారు.